‘మయూరి’ – కర్తృకరణ విచారము

దేహమున యంత్రము చేరినప్పుడు క్రియకుఁ గర్త యెవరు? ఈ ప్రశ్నకు ‘మయూరి’ (1985) చలనచిత్రము చక్కని యుదాహరణము. సోమాజిగూడనుండి ‘ఈనాడు’ పత్రికను నడపిన రామోజీరావు దీనికి నిర్మాత. సింగీతం శ్రీనివాసరావు దర్శకుఁడు.

నర్తకి సుధాచంద్రన్ 1981లో ప్రమాదమునఁ గాలు కోలుపోయి, జైపూరు కృత్రిమపాదముతో నభ్యసించి, 1984లో మరల రంగ మెక్కెను. తన జీవిత మాధారమైన యీ కథలోఁ దానే నాయిక. రబ్బరు, కొయ్యలతోఁ జేసెడి యా పాదమును రూపొందించినవారు రామచంద్రశర్మ యను శిల్పియు, పి.కె. సేథీ యను వైద్యుఁడును.

క్రియాసిద్ధికి మిక్కిలి యుపకరించునది కరణము, స్వతంత్రుఁడు కర్త. ‘కత్తి నఱకుచున్నది’ యని కరణమునే కర్తగాఁ జెప్పుటయు వివక్షచే సాధువే. ‘ఆ పాదమే యామె నాడించినది’ యని మెచ్చువారి మాట యిట్టిదే. కాని యీ వివక్ష నర్తకి కన్యాయము. కత్తికి నొప్పి లేదు, ఆమెకుఁ గలదు. పుట్టుకతో వచ్చిన పాదమైనను సాధన లేనిదే తాళమునకు లొంగదు గదా! కావున హద్దు మాంసమునకు రబ్బరునకు నడుమ లేదు. సాధించినదానికి సాధింపనిదానికి నడుమఁ గలదు. సాధనచేతనే కరణ మంగ మగును.

చిత్రమున కొక పరిమితి కలదు. కెమెరాయు యంత్రమే, ముక్కలు కూర్చి తప్పడుగును దాఁచఁగలదు. రంగస్థలము దాఁచలేదు. కనుక 1984 నాఁటి నృత్యమే మూలము; ‘మయూరి’ దానికి వ్యాఖ్యానము. మంచి వ్యాఖ్యానమే, కాని మూలమును మఱవరాదు.