రాని బాకీల అంచనా: వయసు చూడాలా, స్తోమత చూడాలా?

వ్యాపారమన్నాక అరువు ఇవ్వక తప్పదు. ఇచ్చిన అరువంతా తిరిగి రాదు. అందుచేతనే సంవత్సరాంతంలో ఖాతాదారుల నుండి రావలసిన మొత్తంలో ఎంత రాకుండా పోతుందో అంచనా కట్టి, సంశయాత్మక బాకీల నిధి పేరిట ఆ మేరకు లాభంలో తగ్గిస్తారు. ఇది ధర్మమే. రాని సొమ్మును ఆస్తిగా చూపడం భాగస్వాములను మోసగించడమే అవుతుంది. అయితే ఆ అంచనాకు ఆధారమేమిటన్నది పరిశీలించవలసిన విషయం.

వాడుకలో ఉన్న మార్గాలు రెండు. అరువు అమ్మకాలపై ఇంత శాతమని కట్టడం ఒకటి. బాకీలను వయసును బట్టి విడదీసి, పాతవాటికి ఎక్కువ శాతం కట్టడం రెండవది. 2016 ఏప్రిల్ 1 నుండి మన దేశంలోని పెద్ద కంపెనీలకు దశలవారీగా అమలులోకి వచ్చిన ఇండ్ ఏఎస్ 109 ప్రమాణం ఈ రెండవ మార్గానికి వీలు కల్పించింది. నష్టం జరిగేదాకా ఆగక, ముందే ఊహించి చూపాలన్నది దాని సూత్రం.

విశాఖపట్నం సీతమ్మధారలో ప్రధాన కార్యాలయమున్న తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ వంటి దానికి ఈ కొలబద్దను అన్వయిస్తే లోపం తేటపడుతుంది. అటువంటి సంస్థకు గృహస్థులు, కర్మాగారాలు, పంచాయతీలు అందరూ ఖాతాదారులే. ఉదాహరణకు రావలసినది లక్ష రూపాయలనుకోండి. గడువు దాటనివి 60,000. వాటికి 1 శాతం. మూడు నెలల లోపువి 25,000. వాటికి 5 శాతం. ఏడాది దాటినవి 15,000; వాటికి 40 శాతం. నిధి మొత్తం 7,850 రూపాయలు.

ఇప్పుడు ఆ 15,000లో 12,000 ఒక పంచాయతీ వీధిదీపాల బిల్లనీ, 3,000 యంత్రాలు కూడా అమ్ముడైపోయిన ఒక మూతపడ్డ మిల్లు బాకీ అనీ అనుకోండి. నిధులు విడుదలైతే పంచాయతీ చెల్లిస్తుంది. మిల్లు నుండి రూపాయి రాదు. వయసు పట్టిక మాత్రం రాగల బాకీలో 4,800 తీసివేసి, రానే రాని బాకీలో 1,800 ఆస్తిగా నిలుపుతుంది. వేర్వేరుగా చూస్తే నిధి 4,850 చాలు. ఖాతాదారుల అనుభవాలు వేరైతే వారిని వేరు తరగతులుగా విభజించమని ప్రమాణమే చెబుతున్నది. ఆ మాటను పక్కనబెట్టి వయసు గడి వద్దనే ఆగిపోవడం లెక్క రాసేవారి పొరపాటు.

ప్రమాణంలోనూ ఒక చిక్కు ఉన్నది. బాకీ పూర్తిగా వచ్చినా, ఆలస్యమైతే ఆ కాలానికి వడ్డీ రేటు కట్టి దానిని కూడా నష్టంగానే లెక్కించమంటుంది. వడ్డీని నిషిద్ధంగా ఎంచే ముస్లిం వర్తకుడు ఇక్కడ ఆగి ఆలోచించాలి. రావలసిన 12,000 ఆలస్యంగా వచ్చినా 12,000లే.

షరీఅత్ దృష్టి బాకీ వయసుపై గాక, బాకీదారు స్థితిపై నిలుస్తుంది. బాకీని తప్పక వ్రాసుకోమని దివ్య ఖుర్ఆన్ 2:282 ఆదేశిస్తున్నది. ఇబ్బందిలో ఉన్నవానికి వ్యవధి ఇవ్వమనీ, వదిలివేస్తే మరీ మేలనీ 2:280 బోధిస్తున్నది. స్తోమత ఉండీ జాప్యం చేయడం దౌర్జన్యమని దైవప్రవక్త (స) హెచ్చరించారు. జకాత్ విషయంలో కూడా ఫిఖ్హ్ పండితులు ఆశ ఉన్న బాకీని, ఆశ లేని బాకీని వేరు చేశారు. హనఫీల ప్రకారం ఆశ వదులుకున్న సొమ్ముపై జకాత్ లేదు. ఇమామ్ మాలిక్ ప్రకారం అప్పిచ్చినవాడు సొమ్ము చేతికి వచ్చినప్పుడు ఒక్క ఏడాది జకాత్ ఇవ్వాలి. హిజ్రీ 224లో మరణించిన అబూ ఉబైద్ తన కితాబుల్ అమ్వాల్‌లో ఈ భిన్నాభిప్రాయాలను విపులంగా చర్చించారు.

కనుక వర్తకుడు వయసు పట్టికను యథాతథంగా జకాత్ లెక్కకు వాడితే, పై ఉదాహరణలో 3,000 రూపాయలు అకారణంగా తగ్గుతాయి. పేదల వాటా 75 రూపాయలు పోతుంది. లక్షలు కోట్లయితే ఆ వాటా ఎంతవుతుందో ఊహించవచ్చు.

మరొక సంగతి. పుస్తకంలో కొట్టివేసినంత మాత్రాన బాకీ మాఫీ కాదు. మాఫీ ఋణదాత తెలిసి చేసే ఉపకారం. కొట్టివేత ఒక పద్దు మాత్రమే. ఈ రెంటినీ కలిపితే స్తోమత గలవాడు తప్పించుకుంటాడు, దిక్కులేనివానికి మేలు జరగదు. బాకీల పట్టికలో తేదీ గడి పక్కన బాకీదారు స్థితికి మరొక గడి చేర్చడం లెక్కకూ న్యాయం, ధర్మానికీ న్యాయం.