ఇరవై గ్రాముల పథ్యం

అండాశయాల సమస్య పీసీఓడీ ఉందని తేలిన అమ్మాయికి మందుల చీటీ కంటే ముందే అందుతున్న సలహా ఇప్పుడు కీటో డైట్. అన్నం మానెయ్, గుడ్లూ పనీరూ నెయ్యీ తిను, మూడు నెలల్లో బరువు దిగుతుంది, నెలసరి దానంతటదే దారిలో పడుతుంది అంటారు. తెలుగువాళ్ళకి ఇలాంటి పథ్యాలు కొత్తేమీ కాదు. ఉప్పూ నూనే వద్దన్న మంతెన సత్యనారాయణరాజు గారి మాట విన్నదీ మనమే, రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు అన్న వీరమాచనేని రామకృష్ణ గారి మాట విన్నదీ మనమే. అందుకే కీటో అనగానే కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు, మర్నాడే కొబ్బరినూనె డబ్బా తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. ఈ ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. పీసీఓడీలో కీటో పనిచేస్తుందన్న మాట చాలావరకు నిజమే. అయితే అందులో పనిచేస్తున్నది పిండిపదార్థం తగ్గడం, దాంతోపాటు బరువు తగ్గడం. ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు పుట్టేంత దూరం పోతేనే ఫలితం ఉంటుందని మాత్రం ఇప్పటికి రుజువు కాలేదు. కాబట్టి ఈ సమస్య ఉన్న ఆడవాళ్ళలో ఎక్కువమంది ముందుగా చేయాల్సిన పని కీటో కాదు, కంచంలో అన్నం వాటా తగ్గించడం.

ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఎంత అవసరమో కూడా తెలుస్తుంది. అండాశయంలో నీటి బుడగలు అని స్కానింగ్ చూసి చెప్పేవి నిజానికి గడ్డలు కావు. పూర్తిగా ఎదగకుండా మధ్యలో ఆగిపోయిన అండపు తిత్తులు. వాటిని ఆపేస్తున్నవాటిలో ముఖ్యమైనది అతిగా తయారయ్యే పురుష హార్మోన్. దాన్ని ఎగదోసేవాటిలో ఒకటి ఇన్సులిన్. ఈ జబ్బులో విచిత్రమేమిటంటే, కండరాలు ఇన్సులిన్ మాట సరిగా వినవు. దాంతో క్లోమం మరింత ఇన్సులిన్ వదులుతుంది. అండాశయం మాత్రం ఆ మాట బాగానే వింటుంది, విని పురుష హార్మోన్‌ని ఇంకా ఇంకా తయారుచేస్తుంది. పైగా ఆ హార్మోన్‌ని రక్తంలో పట్టి ఉంచే ఒక ప్రొటీన్‌ని కాలేయం తయారుచేస్తుంది. ఇన్సులిన్ పెరిగితే అదీ తగ్గిపోతుంది. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, రెండు మూడు నెలలకోసారి వచ్చే నెలసరి, వీటన్నిటి వెనకా ఈ లెక్క ఉంది. షుగర్ లేని అమ్మాయికి కూడా డాక్టర్లు మెట్‌ఫార్మిన్ రాసేది ఇందుకే. ఇన్సులిన్‌ని ఎక్కువగా పిలిచే తిండి పిండిపదార్థమే కాబట్టి, దాన్ని తగ్గిస్తే మేలు జరగడంలో ఆశ్చర్యం లేదు.

ఇక రుజువుల సంగతి. కీటోని మూర్ఛ వ్యాధికి చికిత్సగా 1921లో మేయో క్లినిక్‌లో రసెల్ వైల్డర్ ప్రతిపాదించాడు. పీసీఓడీకి దాన్ని వాడి చూసిన తొలి అధ్యయనాల్లో అందరూ ఉదహరించేది అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు 2005లో ప్రచురించినది. రోజుకి 20 గ్రాములకు మించకుండా పిండిపదార్థం, 24 వారాలు. ఉదయం ఇన్సులిన్ 54 శాతం తగ్గింది, బరువు 12 శాతం తగ్గింది, పిల్లలు కలగక ఇబ్బంది పడుతున్న ఇద్దరు గర్భం దాల్చారు. చదివితే ఉత్సాహం వస్తుంది. కానీ అందులో చేరింది 11 మంది, చివరిదాకా నిలిచింది ఐదుగురు. పోల్చి చూడటానికి వేరే తిండి తిన్న జట్టే లేదు. 2020లో ఇటలీలో 14 మందితో 12 వారాలు జరిగిన అధ్యయనంలో సగటున తొమ్మిది కిలోలకు పైగా బరువు తగ్గారు. అక్కడా పోలిక జట్టు లేదు. 2023లో ఇలాంటి ఏడు అధ్యయనాలను కలిపి లెక్క వేస్తే మొత్తం తేలింది 170 మంది. హార్మోన్లు మెరుగుపడ్డాయన్నది అందులోనూ కనిపించింది. నేను దాన్ని కాదనను. కానీ 170 మంది మీద, కొన్ని వారాలో కొన్ని నెలలో చూసిన ఫలితంతో ఇరవయ్యేళ్ళ అమ్మాయికి జీవితకాలపు తిండి రాసిచ్చేస్తే ఎలా? పీసీఓఎస్ (పీసీఓడీకే మరో పేరు) మీద అదే ఏడాది సవరించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఏ ఒక్క డైటూ మరోదానికంటే మేలని చెప్పడానికి ఆధారం లేదనే అన్నాయి.

నా మాటకి బలం ఇచ్చేది మరో అధ్యయనం. దాని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు, అందులో నాటకీయత లేదు కాబట్టి. అలబామాలో పీసీఓఎస్ ఉన్న దాదాపు 30 మంది ఆడవాళ్ళకి ఎనిమిది వారాలు 55 శాతం పిండిపదార్థం ఉన్న తిండి, మరో ఎనిమిది వారాలు 41 శాతం ఉన్న తిండి పెట్టారు. బరువు తగ్గించాలని క్యాలరీలు కోయలేదు. 41 శాతం అంటే కీటోకి దరిదాపుల్లో కూడా లేదు, ఆ తిండితో కీటోన్లు పుట్టవు. అయినా ఇన్సులిన్ తగ్గింది, టెస్టోస్టెరాన్ తగ్గింది. ఇదీ చిన్న అధ్యయనమేనని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. కానీ కీటో వాళ్ళు చూపే అధ్యయనాల కంటే చిన్నది కాదు, పైగా ఇందులో పోలిక ఉంది.

డ్యూక్ వాళ్ళు పెట్టిన ఆ ఇరవై గ్రాముల పిండిపదార్థం అంటే మన వంటింట్లో ఎంతో చూద్దాం. వండిన అన్నం 100 గ్రాముల్లో 28 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. అంటే గరిటెడు అన్నంతో ఆ రోజు కోటా అయిపోయినట్టే. రెండు చెంచాల చక్కెర వేసి గ్లాసు పాలకాఫీ తాగినా దాదాపు అయిపోతుంది. కందిపప్పులో సగానికి పైగా పిండిపదార్థమే కాబట్టి ముద్దపప్పు కూడా దూరం. ఉమ్మడి వంట చేసే ఇంట్లో కోడలు తనకొక్కదానికీ వేరే పొయ్యి పెట్టుకోవాలి, పండగనాడు పులిహోర కలిపి తాను రుచి చూడకుండా ఉండాలి. డ్యూక్‌లో 11 మందిలో ఆరుగురు మానేశారంటే, ఇక్కడ ఎంతమంది నిలుస్తారో ఊహించుకోవచ్చు. దీనికి కీటో అభిమానుల దగ్గర ఒక గట్టి జవాబే ఉంది. కొంచెం తగ్గించు అంటే ఎవరూ తగ్గించరు, పూర్తిగా మానెయ్ అంటేనే మానేస్తారు అని. మనిషి స్వభావం తెలిసిన మాటే అది. అయితే పూర్తిగా మానడం తేలిక అనిపించేది మొదటి రెండు నెలలే. ఆ తర్వాత తిరిగి ఏ తిండికి రావాలో ఎవరూ చెప్పరు, పాత కంచానికే వస్తారు, బరువూ వెనకే వస్తుంది. కొంచెం తగ్గించడమన్న మాట మెత్తగా ఉందంటే, దానికీ కొలత పెట్టుకోవచ్చు.

ఆ కొలతకి ఆధారం మన దేశపు లెక్కల్లోనే ఉంది. ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే 2025లో చెప్పినదాని ప్రకారం భారతీయుల తిండిలో 62 శాతం శక్తి పిండిపదార్థం నుంచే వస్తోంది, ప్రొటీన్ వాటా 12 శాతం. మొత్తం శక్తిలో కేవలం 5 శాతాన్ని పిండిపదార్థం బదులు పప్పుల, పాల ప్రొటీన్ నుంచి తీసుకుంటే షుగర్ వచ్చే ముప్పు తగ్గుతుందని వాళ్ళ లెక్క. మరో మాట కూడా అన్నారు, అది కొర్రలు, సామలు అమ్మేవాళ్ళకి నచ్చదు: మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా బియ్యం బదులు చిరుధాన్యాలు తింటే ఆ ముప్పు తగ్గలేదు. ఇది షుగర్ గురించిన లెక్కే, పీసీఓడీ గురించి కాదు. కానీ రెండింటిలోనూ ఇన్సులిన్ పాత్ర ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దనే ఉంది. కంచంలో దీని రూపం మామూలుగానే ఉంటుంది. అన్నం ఒక్క గరిటె, కూర రెండు గరిటెలు, పప్పు నీళ్ళగా కాకుండా ముద్దగా, ఒక గుడ్డో చేపముక్కో, గిన్నెడు పెరుగు. ఇంట్లో అందరికీ వండినదే, ఆమె కంచంలో పాళ్ళు మారతాయంతే.

అలాగని కీటో అసలు వద్దని కాదు. బరువు బాగా ఎక్కువగా ఉండి, కాలేయంలో కొవ్వు చేరినవాళ్ళకి, పిల్లల కోసం చికిత్స మొదలుపెట్టే ముందు తొందరగా బరువు తగ్గాల్సినవాళ్ళకి డాక్టరు కనుసన్నల్లో రెండు మూడు నెలలు అది అక్కరకు రావచ్చు. మందుకు ఉన్నట్టే దానికీ మోతాదు, గడువు, రక్తపరీక్షలు ఉండాలి. కొందరిలో చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. డపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్ర వేసుకునేవాళ్ళు కీటో చేస్తే రక్తం ఆమ్లమయమై ప్రాణం మీదికి రావచ్చు. పాలిచ్చే తల్లులకీ ఆ ప్రమాదం ఉంది. సన్నగా ఉండి పీసీఓడీ వచ్చినవాళ్ళకి దీన్ని ఎందుకు రాస్తారో నాకు అర్థం కాదు.

అన్నిటికంటే తక్కువగా మాట్లాడుకునేది డైట్ ఫలించినప్పుడు ఏమవుతుందన్నది. ఇన్సులిన్ దిగగానే ఆగిపోయిన అండం విడుదల మొదలుకావచ్చు, ఏళ్ళ తరబడి రాని గర్భం ఆ నెలలోనే రావచ్చు. గర్భం వచ్చే ముందు పిండిపదార్థం బాగా తక్కువగా తిన్న తల్లుల బిడ్డల్లో వెన్నునాళపు లోపాలు (మెదడు, వెన్నుపాము సరిగా ఏర్పడకపోవడం) సుమారు 30 శాతం ఎక్కువగా కనిపించాయని 2018లో ఒక అమెరికా అధ్యయనం చెప్పింది. అక్కడ ఫోలిక్ యాసిడ్ కలిపేది గోధుమపిండిలాంటి ధాన్యపు పిండ్లలోనే, వాటిని మానేస్తే అదీ పోతుంది. అందుకే పిల్లలు కావాలనుకుని కీటోకి దిగే అమ్మాయి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర మొదటి రోజు నుంచే వేసుకోవాలి, ఇప్పుడే వద్దనుకునే అమ్మాయి గర్భనిరోధం సంగతి ముందే చూసుకోవాలి. బిడ్డ వెన్నునాళం మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల్లోపే. నెలనెలా నెలసరి వచ్చే మనిషైతే ఒకసారి తప్పగానే అనుమానిస్తుంది. రెండు నెలలు రాకపోయినా అలవాటే కదా అనుకునే పీసీఓడీ అమ్మాయికి అనుమానం వచ్చేసరికి ఆ గడువు దాటి చాలా రోజులవుతుంది.