సగం మందుతో చిల్లులు

బాయిలర్లు, కూలింగ్ టవర్ల నీళ్లు పరీక్షించడం నా పని. ఆలేరులో ట్రాక్టర్ మెకానిక్ షెడ్డు ముందు ఆగితే చాలు, అది తెలిసినవాళ్లు ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, డబ్బా మీద రాసినంత కూలెంట్ ఎందుకు? ఇంత పోసి, మిగతాది బోరు నీళ్లు కొడితే జంగు ఆగదా?"

ఆగదు. జంగు ఆపే కొన్ని మందుల విషయంలో అరకొరగా పోయడం కన్నా అసలు పోయకపోవడమే నయం.

నీళ్లలో ఇనుము ఒకచోట కరుగుతుంది, దాని ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ ఇంకోచోట అందుకుంటుంది. నైట్రైట్ అనే మందు ఇనుము కరిగే చోటు మీద సన్నటి పొర కట్టిస్తుంది. మందు చాలకపోతే నాలుగు చుక్కలంత చోటు ఆ పొర లేకుండా మిగులుతుంది. మిగతా పైపు గోడంతా ఆక్సిజన్‌కు పని కల్పిస్తుంది, కరగడం మాత్రం ఆ చుక్కల దగ్గరే. గోడ మందం తగ్గదు, సూదిమొనంత చిల్లి పడుతుంది. జింకు అనే మందు ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు అందుకునే రెండో చోట పనిచేస్తుంది, తగ్గినా ఇంత ద్రోహం చేయదు. ఏసీ ప్లాంట్లలో నీళ్లు బయటికి పోకుండా తిరిగే పైపులకు లీటరుకు 500 నుంచి 1000 మిల్లీగ్రాముల నైట్రైట్ ఉంచుతాం. అదీ ఒకసారి పోస్తే సరిపోదు, బ్యాక్టీరియా దాన్ని తినేస్తుంది.

వీటన్నిటికన్నా గట్టి మందు క్రోమేట్. కాలిఫోర్నియాలోని హింక్లీలో గ్యాస్ కంప్రెసర్ స్టేషన్‌లో 1952 నుంచి 1966 దాకా కూలింగ్ టవర్లలో అదే వాడారు. ఆ నీళ్లు భూమిలోకి ఇంకి ఊరి బావులు చెడ్డాయి. 1996లో ఆ స్టేషన్ కంపెనీ ఊరివాళ్లకు 33.3 కోట్ల డాలర్లు కట్టింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన నల్లగొండ ప్రాంతానికి ఆ మందు ఎందుకు వద్దో వేరే చెప్పాలా?

ఏ మందు వేయాలో పుస్తకం చూసి చెప్పొచ్చు. నీళ్లలో అది ఎంత మిగిలిందో కొలవడమే అసలు పని. రిజిస్టరులో రోజూ ఒకే అంకె కనిపిస్తే పరీక్ష జరగలేదనే నా లెక్క.

ట్రాక్టరున్నవాళ్లకు ఒక మాట. కూలెంట్ మార్చేటప్పుడు ఇంజన్ చల్లారాక రేడియేటర్ ఖాళీ చేయండి. బోరు నీళ్లు వేడికి గార కడతాయి, డిస్టిల్డ్ నీళ్లు తెచ్చుకుని డబ్బా మీద రాసిన పాళ్లలోనే కూలెంట్ కలపండి. తీసిన పాతది మాత్రం గట్టు మీద పారబోయొద్దు. అందులోని గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ దూడలూ నాకి చచ్చిపోతాయి.