వాసాలు లెక్కపెట్టే మనిషి

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు. కోనసీమలో పెంకులు సర్దడానికి వచ్చే మనిషి మాత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే చేసే మొదటి పని అదే. చెప్పులు అరుగు కింద వదిలి, నడవలో నిలబడి, తల పైకెత్తి ఒక్కో వాసాన్నీ చూసుకుంటూ పోతాడు. ఇంటావిడ మంచినీళ్ల చెంబు తెచ్చేలోపు ఏ వాసం చివర చీకిందో, ఏ రీపరు వంగిందో, నిరుటి మరక ఈ ఏడు ఎంత దూరం పాకిందో అంచనాకు వచ్చేస్తాడు. కూలి మాట ఆ తర్వాతే.

ఇది రోహిణి కార్తెలో జరిగే పని. జూన్ మొదటి వారం దాటి మృగశిర వచ్చిందంటే కప్పెక్కడం కష్టం. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల ఊళ్లలో పెంకుటిళ్లు తగ్గాయి గాని పోలేదు. వాటిలో మండువా లోగిళ్ల మరమ్మతు మరీ నేర్పుతో కూడిన పని. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, చుట్టూ దాని మీదికి వాలిన కప్పు. వాలుల నీళ్లన్నీ ఇంటి నడిమధ్యకే దిగాలి, గదుల్లో మాత్రం చుక్క పడకూడదు. రెండు వాలులు కలిసే మూలల్లో రేకు పరిచి నీళ్లకు దారి చేస్తారు. ఇల్లు కారడం మొదలయ్యేది చాలాసార్లు ఆ మూలల్లోనే. రాలిన ఆకులు, ఎలకలు లాక్కొచ్చిన పీచు ఆ రేకులో అడ్డం పడితే నీళ్లు పక్కకు పొంగి పెంకుల కిందికి చేరతాయి. అందుకే పని తెలిసినవాడు ముందు పగిలిన పెంకు జోలికి పోడు. మూలల్లో చెయ్యి పెట్టి చెత్త తీస్తాడు. సగం ఇళ్లకు ఆ ఏడాది మరమ్మతు అక్కడితో సరి. దీనికి ఖర్చు లేదు, నిచ్చెన ఉంటే చాలు.

కారిన చోట పెంకు పగిలి ఉండాలని లేదు. ఈ పనిలో అసలు విద్య అదే. "ఇక్కడే బాబాయ్, సరిగ్గా మంచం మీదే పడుతోంది" అంటుంది ఇంటావిడ. "మంచం మీద పడ్డాక మనకి తెలిసిందమ్మా. అది లోపలికి దిగింది అల్లక్కడ, ఆ ముడి పైన" అంటాడాయన, మూడు నాలుగు వరసలు పైకి చూపిస్తూ. నీరు పెంకు సందులోంచి దిగి, రీపరు వెంట పక్కకు నడిచి, వాసం దొరికితే దాని అడుగున పట్టుకుని కిందికి జారుతుంది. చెక్కలో ముడో, వంకరో అడ్డొచ్చిన చోట చుక్కై రాలుతుంది. ఆ ప్రయాణమంతా వాసం మీద సన్నటి నల్లటి చారగా మిగిలే ఉంటుంది. మనం రోజూ దాని కిందే పడుకుంటాం, చూడం.

చార దొరికాక చిల్లు వెతకడం మిట్టమధ్యాహ్నం పని. తలుపులు, కిటికీలు మూసేసి గది చీకటి చేస్తారు. పైన సందున్న చోట ఎండ సూదిలా దిగుతుంది. కింద ఉన్న కుర్రాడు గడకర్ర చివర కొబ్బరి ఈనె కట్టి ఆ సందులోంచి పైకి దూరుస్తాడు. కప్పు మీద ఉన్న మనిషికి ఎర్ర పెంకుల నడుమ ఈనె కొస కదులుతూ కనిపిస్తుంది. ఇంతకన్నా చవకైన పరికరం ఏ ఇంజనీరు దగ్గరా ఉండదనుకుంటాను.

ఇక ఆయన కప్పు మీద నడిచే నడక చూడాలి. వట్టి కాళ్లు. పెంకు నడిమధ్య అడుగు వెయ్యడు. పై పెంకు అంచు కింది పెంకు మీద కూర్చునే చోట, కింద రీపరు ఉన్న గీత మీదే పాదం మోపుతాడు. అక్కడ పెంకు రెండు పొరలు, దాని కింద చెక్క. అడుగు ఒక జానెడు తప్పితే ఒక పెంకు సర్దడానికి వెళ్లి మూడు పగలగొట్టి దిగాల్సిందే. పగిలినదాన్ని తియ్యడానికి పైదాన్ని, పక్కదాన్ని వేళ్లతో కాస్త పైకెత్తి పట్టుకుంటాడు. కింది పెంకును ముందు పైకి నెట్టి, వెనకున్న మొటిమ రీపరును వదిలాక కిందికి లాగుతాడు. కొత్తది వెళ్లేదీ అదే దారిన. మొటిమ రీపరుకు తగులుకున్నప్పుడు చిన్న "టక్" వినిపిస్తుంది. ఆ చప్పుడు రాకపోతే మళ్లీ తీస్తాడు. పెట్టబోయే పెంకును ముందు వేలి కణుపుతో తట్టి చూస్తాడు. గణగణమంటే మంచిది, బొదబొదమంటే లోపల సన్న బీట ఉన్నట్టు. కంటికి కనపడని బీట చెవికి దొరుకుతుంది.

ఒకదానికొకటి గాడిలో కూర్చునే ఈ పలక పెంకు మంగళూరు నుంచి వచ్చింది. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ మనిషి ప్లెబ్స్ట్ 1865లో అక్కడి జెప్పులో మొదటి ఫ్యాక్టరీ పెట్టాడు. దానికి ముందు మనవన్నీ కుమ్మరి చేసిన గూన పెంకులే. సారె మీద గొట్టంలా లాగి, నిలువునా రెండుగా చీల్చి కాల్చినవి. వాటిని పట్టి ఉంచే గాడి లేదు, పిల్లి పరిగెత్తినా జరుగుతాయి. ఏటా కప్పంతా విప్పి తిరగ వెయ్యవలసి వచ్చేది. పలక పెంకుతో ఆ బెడద పోయి మరో చిక్కు వచ్చింది. ఒక ఫ్యాక్టరీ గాడి ఇంకో ఫ్యాక్టరీ గాడిలో సరిగ్గా కూర్చోదు. ఎదురుగా చూస్తే రెండూ ఒకటే. వాన పడితే తెలుస్తుంది తేడా.

దీనికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం నాకు భలే ఇష్టం. కొత్త పెంకులు తెచ్చి పాతవాటి మధ్య అతకరు. ఇంటి మీదున్న పాత పెంకుల్లో గట్టివన్నీ ఏరి ఒక వాలు మీదికి చేరుస్తారు. ఖాళీ అయిన వాలు మొత్తం కొత్తవాటితో కప్పుతారు. పాత గాడి పాతదానితో, కొత్తది కొత్తదానితో కుదురుతుంది. మిగిలిన పాతవాటిని పశువుల చావిడి పక్కన దొంతర పేరుస్తారు. తర్వాతి పదేళ్లూ ఎప్పుడు ఏది పగిలినా ఆ దొంతరే దిక్కు.

వాసాల సంగతికి వద్దాం. పాత ఇళ్లలో ఎక్కువ తాటి వాసాలు. ముదురు తాడికి గట్టిదనమంతా బయటి అంచులో, లోపలంతా మెత్తటి నార. అందుకే మానును చీల్చి అంచు భాగమే వాసానికి తీస్తారు. అది ముందుగా పాడయ్యేది చూరు దగ్గర, వాన జల్లు కొట్టే కొసన. కొస చీకిందని వాసం మొత్తం మార్చడం పని తెలియనివాడి లక్షణం, లేదా కలప అమ్మేవాడి సలహా. మంచి పనివాడు చీకినంత మేర కోసేసి, పాతదాని పక్కన జోడు ముక్క పెట్టి, రెంటినీ బారెడు దూరం కలిపి కట్టేస్తాడు. పైన పెంకు కదలదు.

కట్టడానికి మేకు కన్నా కొబ్బరి తాడు మేలనే పాతకాలపు మనుషులు ఇప్పటికీ ఉన్నారు, నా ఓటూ వారికే. సముద్రం దగ్గరి గాలికి మేకు తుప్పు పడుతుంది, తుప్పుతో ఉబ్బి చెక్కను చీలుస్తుంది. కొబ్బరి పీచు ఉప్పు గాలిని ఓర్చుకుంటుంది. తాడును ముందు నానబెట్టి మెత్తబరుస్తారు. చుట్టు పక్కన చుట్టు బిగిస్తూ పోయి, రెండు కర్రల నడుమ అడ్డంగా రెండు మెలికలు వేసి లాగితే చుట్లన్నీ ఒక్కసారి బిగుసుకుంటాయి. కొసను కిందికి దోపేస్తారు. కట్టు వదులైతే విప్పి మళ్లీ కట్టుకోవచ్చు, వాసానికి గాయం ఉండదు.

ఇదే తాడు, ఇదే కట్టు పెరటి దడికీ పనికొస్తుంది. దడి కట్టుకోవడానికి కూలివాడు అక్కర్లేదు, ఇంట్లోవాళ్లే కట్టుకుంటారు. కొబ్బరి చెట్టు ఏడాదికి ఇంచుమించు పన్నెండు ఆకులు రాలుస్తుంది. పది చెట్లున్న ఇంటికి దడి సరుకు డబ్బు పెట్టకుండానే చేతికొస్తుంది. దడిలోంచి విప్పిన పాత ఆకు పొయ్యిలోకి, ఈనెలు చీపురుకి, బూడిద పాదులకి పోయేవి. గ్యాసు పొయ్యిలు వచ్చాక పాత ఆకులు కాలువ గట్ల మీద కుప్పలు పడుతున్నాయి. దడి స్థానంలో నీలం పట్టా కడుతున్నారు. చూడ్డానికి ఏం బాగుండదు, రెండు వేసవులకు చిరిగి పీలికలవుతుంది కూడా.

డబ్బు లెక్కలో ఈ పనుల బలం ఏమిటంటే, అవి ఇంటి రాబడికి సరిపోయే ముక్కలుగా వస్తాయి. కోనసీమ ఇంటికి డబ్బు ఒక్కసారిగా రాదు. నెలన్నరకో రెండు నెలలకో ఒక కొబ్బరి దింపు, అంబాజీపేటలో వెయ్యి కాయలకు ఆనాడు పలికిన ధర, అందులోంచి దింపు కూలి, ఒలుపు కూలి పోను మిగిలింది. ఒక దింపు డబ్బుతో మూల రేకు మార్చొచ్చు, ఇంకో దింపుతో నాలుగు వాసాలకు జోడు వెయ్యొచ్చు. ధర పడిపోయిన ఏడు పెంకులు సర్ది ఊరుకోవచ్చు. పెంకుటిల్లు నెల నెలా కట్టే చీటీ లాంటిది. డాబా అలా కాదు. పాతికేళ్లు ఏమీ అడగదు, ఆ తర్వాత ఉప్పు గాలికి లోపలి ఇనుము ఉబ్బి శ్లాబు పెచ్చులూడడం మొదలయ్యాక ఒకేసారి అడుగుతుంది. అప్పుడు ఇంటి మనిషి నిచ్చెన వేసుకుని చెయ్యగలిగింది ఏమీ ఉండదు.

అలాగని డాబాలు కట్టుకున్నవాళ్లను తప్పుపట్టలేం. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను చూసినవాళ్లు పెంకుల కింద మళ్లీ నిద్రపోవడానికి భయపడ్డారంటే ఆశ్చర్యం లేదు. గాలి చూరు కింద దూరి పెంకులను వరసలు వరసలుగా లేపుతుంది, ఒక వరస లేస్తే పైవరసకు ఆధారం ఉండదు. అందుకే చూరు దగ్గరి వరసలను తీగతో రీపర్లకు కట్టే జాగ్రత్త అవసరం. తీగ తుప్పు పట్టిందేమో ఏటా చూసుకోవాలి, పెంకు సర్దుడులో జనం తరచూ దాటేసే పని ఇదే. నడికొప్పు మీద పెంకులను సిమెంటుతో బిగించడం కూడా తొందరపాటే. ఎండకూ వానకూ కలప కదులుతుంది, సిమెంటు కదలదు, బీట పడుతుంది. గుల్ల సున్నం ఆ కదలికకు కొంత సర్దుకుంటుంది.

పెంకులు సర్దేవాళ్లు ఇప్పుడు ఊరికి ఒకరో ఇద్దరో, వాళ్లకీ వయసు మీద పడింది. పాత ఇల్లున్నవాళ్లకు నాదొక్కటే మాట. చావిడి పక్కన పెంకుల దొంతరను పాత సామానువాడికి అమ్మకండి, ఆ గాడి పెంకు మళ్లీ దొరకదు. వచ్చే రోహిణిలో ఆయన కప్పెక్కినప్పుడు ఈనె పట్టుకుని గదిలో నిలబడేది మీ ఇంటి పిల్లలే అయ్యేట్టు చూడండి.