అందరి మెస్సు – మా పళ్లెం

హాస్టల్లో కులం లేదు, మతం లేదు అంటారు. తెలుగులో మేం చదివిన హాస్టల్ జ్ఞాపకాలు చాలావరకు ఈ మాట దగ్గర మొదలై ఈ మాట దగ్గరే ముగుస్తాయి. ఒకే కంచంలో తిన్నాం, ఒకరి అంగీ ఒకరు తొడుక్కున్నాం, పరీక్షల ముందు ఒకే దీపం కింద తెల్లవార్లూ చదివాం. ఇవి అబద్ధాలని మేం అనం. మేమూ తిన్నాం, మేమూ తొడుక్కున్నాం. కాని ఆ 'అందరం'లోకి మేం ఏ పేరుతో వచ్చామో, ఏమేమి గడప అవతల విడిచి వచ్చామో ఆ జ్ఞాపకాలు రాసినవాళ్లు అడగలేదు. ఆ అడగకపోవడం గురించే ఇక్కడ మాట్లాడుతున్నాం.

మాది కథలాపూర్ దిక్కు. బీడీలు చుట్టే తల్లులు, దుబాయికో సౌదీకో పోయిన తండ్రులు. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. పీరీల పండుగ ఊరందరిదీ. సాయిబులమని ఊరందరికీ ఎరుకే. అయినా కాకా, మామా అని వరసపెట్టి పిలుస్తారు. అట్లాంటి ఊరు విడిచి, కోరుట్ల, జగిత్యాల దాటి, కరీంనగర్‌కో వరంగల్‌కో హైదరాబాద్‌కో చదువుకు పోయినప్పుడు మేం మొదట వెతుక్కున్నది తలదాచుకునే జాగా. హాస్టల్ సీటు రాకపోతే బయట కిరాయి గదే దిక్కు. అక్కడ ఇంటాయన అడ్వాన్సు కంటే ముందు పేరు అడుగుతాడు. పేరు విన్నాక, "మా ఇంట్ల నీసు తినెటోళ్లకు ఇయ్యం బాబూ" అంటాడు. ఆ మాట అంటున్నప్పుడే లోపలినుంచి కోడికూర వాసన వస్తుంటుంది. కాబట్టి డబ్బున్నవాళ్లకు హాస్టల్, ప్రైవేటు మెస్సు, కిరాయి గది అనే మూడు దారులుంటే, మాకున్నది ఒకటే దారి. పేరు చూసి తలుపు వేయకూడని చోటు యూనివర్సిటీ హాస్టల్ ఒక్కటే. అందుకే దాని మీద మాకు అంత ఆశ. అందుకే ఈ విమర్శ.

సీటు దొరుకుతుంది. గదిలో మిత్రులూ మంచివాళ్లే. "నువ్వు తురకోని లెక్కనే ఉండవురా" అని మెచ్చుకుంటారు. అది మెప్పో తిట్టో తేల్చుకోలేక నవ్వుతాం. వినాయకుని చందా ఇస్తాం, మండపం కాడ పనీ చేస్తాం. రంజాన్ నెల వస్తుంది. సహరీకి మెస్సు తెరవరు. రాత్రి తీసి మూతపెట్టుకున్న చల్లబువ్వ, ఒక అరటిపండు, చెంబెడు నీళ్లు. పక్కవాళ్ల నిద్ర చెడుతుందని లైటు వేయకుండా చీకట్లోనే తింటాం. వార్డెన్‌ను అడిగితే, "హాస్టల్ కామన్. ఒక్కొక్కలకు ఒక్కో టైం పెడితే నడవదు" అన్నాడు. అదే మెస్సులో అయ్యప్ప మాల వేసుకున్న మిత్రుల కోసం వేరే పొయ్యి వెలిగింది. వెలగాల్సిందే. అది వాళ్ల హక్కు. ఆ పొయ్యి వెలిగినప్పుడు నడిచిన మెస్సు, మాకు గిన్నెడు పాలు కాచేసరికి ఎందుకు నడవదు?

ఈ 'కామన్' మాటకు ఒక చరిత్ర ఉంది. అది మాకు అనుకూలమైన చరిత్ర కూడా కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో పుట్టింది. నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడుకునే తెలుగు, మరాఠీ, కన్నడం అక్కడ బోధన భాషలు కాలేదు. 1938లో ఆ హాస్టళ్లలో హిందూ విద్యార్థులు ప్రార్థనలో వందేమాతరం పాడుకుంటే అధికారులు కూడదన్నారు. విద్యార్థులు సమ్మె చేశారు, బహిష్కరణకు గురయ్యారు. చాలామంది నాగపూర్ పోయి చదువు ముగించుకున్నారు. ఆ ఉద్యమంలో నిలిచి నాగపూర్ దారి పట్టినవాళ్లలో మా పాత కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావు కూడా ఒకరు.

ఆ పాటలోని దేవీస్తుతి మా విశ్వాసానికి సరిపడదు. 1937లో కాంగ్రెస్ కూడా ఈ అభ్యంతరాన్ని గుర్తించి పాటను మొదటి రెండు చరణాలకే పరిమితం చేసింది. ఆ చర్చ వేరు. 'మేం పాడం' అనడానికి మాకు ఎంత హక్కుందో, తమ ప్రార్థనలో పాడుకోవడానికి ఆ విద్యార్థులకు అంత హక్కుంది. ఆనాడు తలుపు మూసింది మా మతం పేరున్న రాజు ఏలుబడి. నిజాం కాలపు చదువుల గొప్ప చెప్పుకునేటప్పుడు ముస్లిం రచయితలం ఈ మూసిన తలుపును దాటేస్తుంటాం. దాటేసినంతకాలం మా ఫిర్యాదుకు బలం రాదు. ఆనాడు 'కామన్' ఉర్దూ మాట్లాడింది, ఈనాడు తెలుగు మాట్లాడుతున్నది. బలమున్నవాని అలవాటుకు నియమమని పేరు. లేనివాని అలవాటుకు లొల్లి అని పేరు. ఆనాడూ అంతే, ఈనాడూ అంతే.

మాకంటూ వేరే హాస్టల్ కావాలంటే వేర్పాటు అంటారు. మరి హైదరాబాద్‌లో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో 1918లో రెడ్డి హాస్టల్ వెలిసింది. గోలకొండ పత్రికను నడిపిన సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు. తెలంగాణలో తెలుగు నిలబడటానికి ఆ హాస్టల్ నీడ ఎంతో ఉపయోగపడింది. దాన్ని మన సాహిత్య చరిత్ర వేర్పాటు అనదు, చైతన్యం అంటుంది. మేమూ చైతన్యమనే అంటాం. ఒక సమూహం తన పిల్లలకు నీడ వెతుక్కుంటే ఒకచోట చైతన్యం, ఇంకొకచోట వేర్పాటు ఎట్లా అవుతుంది?

ఇది మా ఒక్కరి గోడు కూడా కాదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే క్యాంపస్‌లో ఘర్షణలు జరిగాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టళ్లనుంచి వెలేసిన అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ఆరుబయట 'వెలివాడ' కట్టుకుని పడుకున్నారు. వారిలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. హాస్టల్ గది అంటే నాలుగు గోడలు, మంచం అనుకునేవాళ్లు ఆ వెలివాడను చదవాలి.

2016లో తెలంగాణ మైనారిటీ గురుకులాలు 71 బడులతో మొదలయ్యాయి. బీడీల ఇండ్ల పిల్లలకు బువ్వ, బట్ట, పుస్తకం దొరికాయి. వాటిలో మైనారిటీయేతర పిల్లలకూ సీట్లున్నాయి. ఒక బంతిలో కూచుని తినే పిల్లలు రేపు యూనివర్సిటీకి పోతారు. అక్కడ మళ్లీ చీకట్లో చల్లబువ్వ తినాలా?

మా ఇండ్లనూ విడిచిపెట్టం. కొడుకును హైదరాబాద్ పంపడానికి అప్పు తెచ్చే తండ్రి, బిడ్డ హాస్టల్‌కు పోతానంటే ఇంటర్‌తో చాలంటాడు. బయటి ఇంటాయన మతం పేరుతో తలుపు వేస్తే మేం పరువు పేరుతో వేస్తున్నాం. పుట్టుమచ్చ 1991లో, జల్జలా 1998లో వచ్చినప్పటినుంచి ముస్లింవాద సాహిత్యం గల్లీని రాసింది, ఇంటిని రాసింది, అనుమానపు చూపులను రాసింది. హాస్టల్ గదిలో ముస్లిం ఆడపిల్ల అనుభవాన్ని ఇంకా నిండుగా రాయాల్సే ఉంది. ఆ పిల్లే రాయాలి. రాయాలంటే ముందు ఆమెకు ఆ గది దొరకాలి.

మేం అడుగుతున్నది గొంతెమ్మ కోరికలేం కాదు. పేరు చూసి సీటు ఆగకూడదు. రంజాన్ నెలలో తెల్లారక ముందు మెస్సు పొయ్యి వెలగాలి. మాల వేసుకున్న మిత్రునికి వెలిగినట్లే వెలగాలి. ఏ కూర వండాలో తేల్చే మెస్సు కమిటీలో అది తినేవాడు కూడా కూచోవాలి. 'నువ్వు తురకోని లెక్కనే ఉండవు' అనే మెప్పు మాకొద్దు. మేం తురకోళ్ల లెక్కనే ఉంటాం, మీ పక్క మంచం మీదనే ఉంటాం. అట్లా ఉండనిచ్చిన రోజున హాస్టల్లో అందరం ఒకటే అని మేమే రాస్తాం.