దూబగుంట కథ, చెప్పని కథ: నెల్లూరు స్త్రీల సమీకరణ కథనాల్లో పునరుత్పత్తి ఆరోగ్యం

వ్యాససంగ్రహం

1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా సాక్షరతా వాచకంలోని ఒక పాఠం స్త్రీలను సారా దుకాణాల ముందుకు నడిపించింది. ఒక కథ ప్రజామద్దతును ఎలా కూడగట్టగలదో నిరూపించిన సందర్భంగా అది తెలుగు సామాజిక చరిత్రలో నిలిచింది. అదే స్త్రీల కాన్పులు, గర్భనిరోధం, గర్భసంచి సమస్యలు మాత్రం అంతటి బలమైన ప్రజాకథనాన్ని పొందలేదు. ఈ వ్యత్యాసానికి కారణం సమస్య తీవ్రతలో ఉందా, కథన నిర్మాణంలో ఉందా అనేది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. సారా వ్యతిరేకోద్యమ పాఠాలు, 'సవాలక్ష సందేహాలు' గ్రంథం, పుచ్చలపల్లి సుందరయ్య జీవితకథలోని ఒక ఘట్టం ఇందులో పరిశీలనకు వస్తాయి.

కీలక పదాలు: నెల్లూరు, దూబగుంట, సాక్షరత, పునరుత్పత్తి హక్కులు, కు.ని. శస్త్రచికిత్స, గుట్టు, కథనం.

1. ఉపోద్ఘాతం

స్త్రీల చదువును ప్రజాకార్యంగా మలచిన చరిత్ర నెల్లూరు తీరానికి ఉంది. పొట్లపూడి కోడలు పొణకా కనకమ్మ (1892-1963) బాల్యంలోనే వివాహమై, సొంత కృషితో చదువుకొని, 1923లో నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయాన్ని నెలకొల్పారు. ఆమె ఆత్మకథ 'కనకపుష్యరాగం' ఇంటిలోపలి అనుభవం సమాజానికి చెప్పదగిన విషయంగా మారిన తీరుకు సాక్ష్యం. దాదాపు ఏడు దశాబ్దాల తర్వాత అదే జిల్లా మెట్ట ప్రాంతంలో, కూలికి పోయే స్త్రీలు రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దుకొని ప్రభుత్వ ఆబ్కారీ విధానాన్నే ప్రశ్నించారు. ఈ రెండు ఘట్టాల్లోనూ చదువు నుంచి మాట, మాట నుంచి కూడిక పుట్టాయి.

ఈ క్రమం స్త్రీల దేహానుభవం దగ్గరకు వచ్చేసరికి ఎందుకు ఆగిపోయింది? "పురుడు పునర్జన్మ" అనే సామెత ఉన్న భాషలో పురిటి ప్రమాదం ఎవరికీ తెలియనిది కాదు. తెలిసిన బాధ ఉమ్మడి డిమాండుగా ఎందుకు మారలేదన్నది సాహిత్య విమర్శ కూడా అడగవలసిన ప్రశ్న. ప్రజామద్దతు గణాంకాలతో మాత్రమే రాదు. బాధితులెవరో, బాధ్యులెవరో, ఎక్కడికి వెళ్లి నిలదీయాలో చెప్పే కథ దానికి కావాలి.

2. వాచకంలోని కథ, ఊరి కథ

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ సాక్షరతా కార్యక్రమం ప్రారంభమైంది. వాచకాల్లో తాగుడు వల్ల చితికిపోయిన కుటుంబంలోని ఒక పేద స్త్రీ కథ, 'సీతమ్మ కథ'గా ప్రసిద్ధమైనది, పాఠంగా వచ్చింది. కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠంపై జరిగిన చర్చ ఊళ్లోని సారా దుకాణం మూయించడం దాకా వెళ్లింది. వర్ధినేని రోశమ్మ పేరు ఆ పోరాటానికి గుర్తుగా నిలిచింది. ఆ విజయం తిరిగి 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమై తర్వాతి వాచకంలో చేరింది. ఆ పాఠం చదివిన ఊళ్లలో మళ్లీ దుకాణాలు మూతపడ్డాయి. సారా వేలంపాటలను స్త్రీలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని సడలించినా, స్త్రీల సామూహిక శక్తికి ఆ ఉద్యమం కొలమానంగా మిగిలింది.

ఇక్కడ గమనించవలసింది పాఠానికి, ఊరికి మధ్య ఏర్పడిన రాకపోకలు. మొదటి పాఠంలోని స్త్రీ కల్పిత పాత్ర. రెండో పాఠంలో చదువరులే పాత్రలు. పాఠకురాలు తనను పోలిన పాత్రను చూసి కదిలింది, ఆమె కదలిక మరో పాఠకురాలికి కథ అయింది. ఆధునిక తెలుగు గద్యంలో పాఠకుడికీ పాత్రకూ మధ్య దూరం ఇంతగా చెరిగిపోయిన సందర్భాలు అరుదు.

ఈ పాఠాల నిర్మాణం సరళమైనది. అందులో బాధితురాలు ఉంది, బాధకు కారణమైన వస్తువు ఉంది, ఆ వస్తువు అమ్మే చోటు ఉంది. 'వారుణి వాహిని' పథకం కింద సారాను ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చిన ప్రభుత్వం ఆ చోటు వెనుక ఉంది. భర్తను శత్రువుగా నిలపకుండానే బాధ్యతను ఇంటి నుంచి వీధికి, వీధి నుంచి రాజధానికి మళ్లించే వీలు ఆ నిర్మాణంలో ఉంది. ఉద్యమబలం చాలావరకు ఈ మళ్లింపు నుంచే వచ్చింది.

3. ముట్టడించడానికి దుకాణం లేని సమస్య

పునరుత్పత్తి ఆరోగ్యానికి ఇలాంటి చోటు లేదు. తాగుడు వీధిలో కనబడుతుంది. తాగి తూలే భర్త ఇంటి పరువును ముందే బజారున పెట్టాడు కాబట్టి, భార్య నోరు విప్పితే కొత్తగా రట్టయ్యే గుట్టు ఏమీ లేదు. తెల్లబట్ట, గర్భసంచి జారడం, వరుస కాన్పుల నీరసం అలాంటివి కావు. అవి గుట్టు పరిధిలోనివి. వాటి గురించి మాట్లాడితే పరువు పోయేది బాధపడే స్త్రీకే. సారా విషయంలో మాట్లాడడం స్త్రీకి గౌరవం తెచ్చింది. దేహం విషయంలో అదే మాట ఆమెకు సిగ్గుచేటుగా పరిణమించింది.

దీన్ని భాషలేమి అనుకోవడం పొరపాటు. స్త్రీల రామాయణపు పాటల్లో కౌసల్య వేవిళ్లు, ప్రసవవేదన వివరంగా వినిపిస్తాయి. వాల్మీకి చెప్పని పురిటిగదిని తెలుగు స్త్రీలు పాటకట్టి నిలబెట్టారు. కొరవడింది పదాలు కాదు, స్త్రీల మధ్య స్వేచ్ఛగా సాగిన ఆ పాట చేరవలసిన విస్తృత శ్రోతృవర్గం. వంటింటి వసారా దాటి పంచాయతీ అరుగు దాకా రావలసిన మాట మధ్యలో ఆగిపోయింది.

ప్రభుత్వ పాత్ర రెండో చిక్కు. సారా విషయంలో ప్రభుత్వం అమ్మకందారు, కాబట్టి దాన్ని ఎదిరించడం తేలిక. కాన్పు విషయంలో వైద్యం ఇచ్చేదీ, లక్ష్యాలు విధించేదీ అదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నారు. పురుషుల శస్త్రచికిత్సల వాటా ఒక శాతానికి కూడా చేరలేదు. అంతకుముందరి సర్వే (2015-16) నాటికి రాష్ట్రంలో దాదాపు 9 శాతం మంది స్త్రీలకు 50 ఏళ్లలోపే గర్భసంచి తొలగించారు. జాతీయ సగటు మూడు శాతం చేరువలో ఉన్న కాలమది.

ఈ అంకెలను ఒత్తిడికి నిదర్శనంగా మాత్రమే చదవడం కూడా ఏకపక్షమే. వరుస కాన్పుల నుంచి తప్పించుకోవడానికి ఎందరో స్త్రీలు ఆపరేషన్‌ను తమంతట తాము కోరుకున్నారు. చిక్కు వేరొక చోట ఉంది. తాత్కాలిక పద్ధతులు పెద్దగా వాడుకలోకి రాని చోట, మగవాడి శస్త్రచికిత్స ఊహకే అందని ఇంట్లో, ఆమె ఎంచుకున్నది ఎన్ని దారుల్లో ఒకదాన్ని? ఒకటే దారి ఉన్నప్పుడు అంగీకారం ఎంపిక అవుతుందా? 'సీతమ్మ కథ' నిర్మాణంలో ఈ ప్రశ్నకు తావు లేదు. కనికరం లేని దుష్టశక్తి కాదు ఇక్కడున్నది, సాయం చేసే చేతిలోనే దాగిన బలవంతం.

సూసీ తారు, తేజస్విని నిరంజన 1994లో ప్రకటించిన వ్యాసం ఈ సందర్భంలో ముఖ్యమైనది. నెల్లూరు సారా ఉద్యమాన్ని, దీర్ఘకాలిక గర్భనిరోధకాలపై చర్చను వారు ఒకే వ్యాసంలో ప్రస్తావించారు. ఉద్యమ స్త్రీలను సంసారాన్ని చక్కదిద్దుకొనే ఇల్లాళ్లుగా చూపిన వ్యాఖ్యానాలను, 'స్వేచ్ఛగా ఎంచుకొనే స్త్రీ' అన్న ఊహను కూడా వారు ప్రశ్నించారు. ఆ రెంటినీ కలిపి చదివితే ఒక సంగతి తేటపడుతుంది. నెల్లూరు స్త్రీని సమాజం మెచ్చుకున్నది ఇల్లాలిగా. ఇంటిని కాపాడుతున్నంతసేపే ఆ మెప్పు. దేహంపై హక్కు అడిగితే ఆ మెప్పు నిలుస్తుందన్న హామీ లేదు.

4. సందేహమే రూపం

ఇదే కాలంలో హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన, అన్వేషి బృందాల కృషితో 'సవాలక్ష సందేహాలు' వెలువడింది. దీనికి ఒక పోరాట నేపథ్యం ఉంది. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి పేద స్త్రీలను సిద్ధం చేస్తున్నారని తెలిసి స్త్రీశక్తి సంఘటన అక్కడికి వెళ్లి ప్రశ్నించింది. మరుసటి ఏడాది ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. మందు గురించి స్త్రీలకు ఏమి చెప్పారు, వారు దేనికి ఒప్పుకున్నారు అన్నది ఆ వివాదంలోని మూలప్రశ్న.

గ్రంథం పేరులోనే దాని పద్ధతి ఉంది. వైద్యుడు చెబుతాడు, రోగి వింటుంది అనే క్రమాన్ని తిప్పి, స్త్రీల సందేహం నుంచి మొదలవుతుంది. సాక్షరతా వాచకం కథ చెప్పి ప్రశ్న రేపితే, ఇది ప్రశ్నతోనే ఆరంభమై జవాబును దేహపు వివరంగా అందిస్తుంది. ముట్టు, గర్భం, మందులు, ఆపరేషన్లు సిగ్గుపడవలసిన విషయాల జాబితా నుంచి తెలుసుకోవలసిన విషయాల జాబితాలోకి మారాయి. ఓల్గా 'రాజకీయ కథలు' (1993) సృజనాత్మక సాహిత్యంలో స్త్రీ దేహాన్నే కథావస్తువుగా తీసుకోవడం ఈ మార్పుకు సమకాలీనం.

అయితే దీనికీ పరిమితి ఉంది. ఇది పుస్తకం. రాత్రిబడిలో నలుగురు కూర్చొని కూడబలుక్కుంటూ చదివిన పలుచని వాచకం చేరిన చోటికి ఇంత పెద్ద గ్రంథం అదే వేగంతో చేరలేదు. దూబగుంట పాఠంలో కథ ఉంది, దేహజ్ఞానం లేదు. 'సవాలక్ష సందేహాలు'లో దేహజ్ఞానం ఉంది, ఊరిని కదిపే కథ లేదు. ఈ రెండూ ఒకే దశాబ్దంలో, ఒకే భాషలో పుట్టి కూడా ఒకే వాచకంలో కలవకపోవడం తెలుగు స్త్రీల ఉద్యమ సాహిత్యానికి మిగిలిన లోటు.

5. అలగానిపాడు: త్యాగమా, బాధ్యతా?

మూడో పాఠం పురుషునిది. నెల్లూరు తీరగ్రామం అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య (1913-1985) 1943లో లీలను వివాహమాడారు. పిల్లలు వద్దని దంపతులిద్దరూ నిర్ణయించుకున్నాక శస్త్రచికిత్స చేయించుకున్నది సుందరయ్యే. 1952లో భారత ప్రభుత్వం కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని మొదలుపెట్టడానికి ముందే తీసుకున్న నిర్ణయమిది.

ఈ ఘట్టాన్ని తెలుగు ప్రజాజీవితం గుర్తుంచుకున్న తీరు పరిశీలించదగినది. ఆస్తిని పంచిన, సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్లిన నాయకుడి నిరాడంబరతకు కొనసాగింపుగా, ప్రజల కోసం సంతానాన్ని వదులుకున్న త్యాగంగా దీన్ని చెప్పుకుంటారు. ఆ కథనం అబద్ధం కాదు. అయితే అది చెప్పకుండా వదిలినది ఒకటి ఉంది. శస్త్రచికిత్స భారాన్ని భార్య దేహం మీద పెట్టకుండా తన దేహం మీద తీసుకోవడం అందులోని రెండో అంశం. త్యాగం అసాధారణ వ్యక్తులకు మాత్రమే చెల్లుతుంది. బాధ్యత ఎవరైనా అనుసరించదగినది. త్యాగంగా చెప్పినందువల్ల ఈ కథ పూజనీయమైంది, కానీ ఆచరణీయం కాలేదు. పురుషుల శస్త్రచికిత్స నేటికీ ఒక శాతం దాటని రాష్ట్రంలో దీన్ని బాధ్యత కోణంలో తిరిగి చదవవలసి ఉంది.

6. ముగింపు

1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి సంతానం ఉన్నవారిని స్థానిక ఎన్నికల పోటీకి అనర్హులను చేసింది. 1997లో రాష్ట్రం జనాభా విధానాన్ని ప్రకటించి చిన్న కుటుంబాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ ఇద్దరు పిల్లల నిబంధనను రద్దుచేసింది. ఎక్కువమందిని కనాలన్న పిలుపు ప్రభుత్వ వేదికల మీద నుంచే వినవచ్చింది. సంతాన సాఫల్య రేటు 1.7కు పడిపోయిన రాష్ట్రంలో ఆ ఆందోళన అర్థం చేసుకోదగినదే. అయినా తగ్గించమన్న మాటలోనూ, పెంచమన్న మాటలోనూ స్త్రీ కర్త కాదు, సాధనం మాత్రమే. ఈ కారణంగా పునరుత్పత్తి హక్కుల ప్రశ్న జనాభా అంకెతోపాటు మారిపోయేది కాదు.

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

అ) ప్రజామద్దతు సమస్య తీవ్రతను బట్టి గాక, బాధ్యతను చూపగల కథననిర్మాణాన్ని బట్టి ఏర్పడుతుంది.
ఆ) సారా ఉద్యమ పాఠాలు గుట్టును దాటనవసరం లేని సమస్యను ఎంచుకున్నాయి. పునరుత్పత్తి ఆరోగ్యం గుట్టును దాటితే తప్ప ప్రజాసమస్య కాదు.
ఇ) 'సవాలక్ష సందేహాలు' ఆ గుట్టును దాటింది, కానీ వాచకానికి ఉన్న సామూహిక పఠనం దానికి దక్కలేదు.
ఈ) సుందరయ్య కథను త్యాగం నుంచి బాధ్యతకు మార్చి చదివితే పురుషుని భాగస్వామ్యానికి స్థానికమైన ఆదర్శం దొరుకుతుంది.

దూబగుంట స్త్రీలు పాఠంలోని సీతమ్మను చూసి తమ ఊరి దుకాణం వైపు నడిచారు. ఆ నడకకు ముందు జరిగింది ఒక్కటే: నలుగురు ఒకచోట కూర్చొని ఒక స్త్రీ కష్టాన్ని గట్టిగా చదివారు. కాన్పు కష్టాన్ని, ఆపరేషన్ బల్ల మీది సందేహాన్ని అలాగే గట్టిగా చదువుకొనే పాఠం తెలుగులో ఇంకా రావలసి ఉంది.