వలకన్నులో వేటధర్మం

భావనపాడు రేవులో వలలు పడవలకెక్కే సరికే సగం వేట అయిపోయినట్టు లెక్క. ఏ చేప చావాలి, ఏది బతికిపోవాలి అన్నది చాలావరకు ఒడ్డునే తేలిపోతుంది. ఏ వల ఎత్తుకున్నారు, దాని కన్నెంత, దారం ఎంత సన్నం, పైతాడుకు ఎంత వదులుగా కట్టారు, ఎంతసేపు నీళ్ళలో ఉంచాలనుకుంటున్నారు అన్నవి ముందే ఖాయమవుతాయి. ఆ తర్వాత మిగిలేవి చోటు, గాలి, అదృష్టం.

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో, టెక్కలి నుంచి సముద్రం వైపు నౌపడా ఉప్పుమళ్ళు దాటి వెళ్తే వచ్చే ఊరిది. చేరువలోనే తేలినీలాపురం. ఏటా గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ అక్కడికి విడిదికి వస్తాయి. భావనపాడు పేరు పత్రికల్లో ఏళ్ళ తరబడి నలిగింది ఓడరేవు వల్ల. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగేనాటికి అది మూలపేట పోర్టుగా పేరు మార్చుకుంది. పోర్టు సంగతి ఎలా ఉన్నా తీరంలో మత్స్యకారుల ఇళ్ళు గడిచేది వేట మీదే. తుపాకి పట్టి అడవి జంతువును కొట్టే సరదా మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ముగిసింది. చట్టం ఒప్పుకునే పెద్ద వేట ఇక సముద్రం మీదే మిగిలింది. కాబట్టి వేటలో న్యాయం గురించి మాట్లాడాలనుకునే తెలుగువాడు తుపాకుల కన్నా ముందు వలల దగ్గరికి వెళ్ళాలి.

వలను గట్టిగా లాగి పట్టుకుంటే ఒక ముడి నుంచి ఎదురు ముడి దాకా ఉండే దూరమే కన్ను కొలత. దుకాణంలో మిల్లీమీటర్లలో చెబుతారు, ఒడ్డున వేళ్ళు దూర్చి చూస్తారు. నిలువుగా తెరలా వేలాడే వలలోకి చేప తెలియక తల దూరుస్తుంది. తల పడుతుంది, ఒళ్ళు పట్టదు. ముందుకు పోలేక వెనక్కి గుంజుకుంటే దారం మొప్ప మూత కింద తగులుకుంటుంది. అక్కడితో సరి. చిన్న చేప ఆ కన్నులోంచి జారిపోతుంది. మరీ పెద్దదానికి తలే దూరదు, మూతి తగిలించి పక్కకు తిరిగిపోతుంది. అంటే ఈ వల పిల్లనూ వదిలేస్తుంది, బాగా ముదిరి లక్షల గుడ్లు పెట్టే తల్లి చేపనూ వదిలేస్తుంది. ఇంత మర్యాద తెలిసిన వేట సాధనాలు చాలా తక్కువ.

ఈ సంగతిని లెక్కలోకి తెచ్చినవాడు బరనోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త, 1914లో. ఒకే జాతి చేపలన్నీ ఒకే ఆకారంలో పెరుగుతాయి గనక, కన్ను ఎంత పెరిగితే పడే చేప పొడవూ అదే నిష్పత్తిలో పెరుగుతుందన్నాడు. ఆ తర్వాత వచ్చిన వాళ్ళు దానికి రెండు మోటు సూత్రాలు కలిపారు. చేప నడుము చుట్టుకొలత కన్ను చుట్టుకొలతకు సుమారు ఒకటింపావు రెట్లు ఉన్నప్పుడు వల బాగా పడుతుంది. ఆ సరైన పొడవుకు అయిదో వంతు కన్నా ఎక్కువ తేడా ఉన్న చేప ఆ వలలో పడటం అరుదు.

కానాగంతనే తీసుకుందాం. 50 మిల్లీమీటర్ల కన్ను చుట్టూ కొలిస్తే 100 మిల్లీమీటర్లు. దానికి తగిన చేప నడుము 125 మిల్లీమీటర్లు, అంటే సుమారు 23 సెంటీమీటర్ల పొడవున్న కానాగంత. ఈ చేప గుడ్లకు వచ్చేది దాదాపు 18 నుంచి 20 సెంటీమీటర్ల మధ్య. కాబట్టి 50 కన్ను వలలో పడేది కనీసం ఒకసారి సంతానాన్ని సముద్రానికి ఇచ్చి వచ్చిన చేపే అయ్యుంటుంది. అదే వలను 40 కన్నుకు దించితే బరనోవ్ లెక్కన పడే చేప 18 సెంటీమీటర్లకు తగ్గిపోతుంది. ఒక్క సెంటీమీటరు కన్ను తేడాతో ఈడొచ్చిన చేపలను పట్టే వల కాస్తా ఈడుకు రాని పిల్లలను పట్టే వలగా మారిపోయింది. చట్టాలూ నినాదాలూ చేయలేని పని ఆ సెంటీమీటరు చేస్తుంది, ఎటువైపుకైనా.

ఈ చేప గురించి ఒక ముచ్చట చెప్పి ముందుకు వెళ్తాను. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో, వివరాలతో 1803లో లండన్‌లో పుస్తకం వేశాడు. మన జాలరులు చెప్పిన పేర్లనే చాలా చేపలకు రాసుకున్నాడు. అందులోంచి ఫ్రెంచి శాస్త్రవేత్త క్యూవియే కనగుర్త అన్న పేరు తీసుకుని శాస్త్రనామంలో పెట్టేశాడు. ఇవాళ ప్రపంచంలో ఏ ప్రయోగశాలలోనైనా ఈ చేప పేరు రాస్ట్రెలిగర్ కనగుర్త. ఉత్తరాంధ్ర ఒడ్డున వేలం పాటలో వినబడే మాట అది.

కన్ను ఒక్కటే చూస్తే చాలదు. కానాగంత దుక్కగా, రెండు కొసలా సన్నగా ఉంటుంది గనక కన్నులో చక్కగా బిగుసుకుంటుంది. చందువ పళ్ళెంలా పలచన, ఎత్తెక్కువ. సావడ అయితే పట్టీలా పొడుగు, నడుముతో చిక్కదు, పళ్ళతో చిక్కుకుంటుంది. అందుకే వలను పైతాడుకు కట్టే తీరు మీద ఇంత పట్టింపు. సాగదీస్తే వంద మీటర్లు వచ్చే వలను సాధారణంగా యాభై మీటర్ల తాడుకు సర్ది కడతారు. అప్పుడు కన్ను నిలువుగా తెరుచుకుంటుంది, ఎత్తైన ఒళ్ళున్న చేపకు సరిపోతుంది. అదే వలను నలభై, ముప్పై మీటర్ల తాడుకు కుదించి కడితే గుడ్డ మడతల్లా వదులు వస్తుంది. ఆ వదులులో నడుము కొలతతో పని లేదు, తగిలిందల్లా చుట్టుకుంటుంది: పీత, టేకు, చిన్నదీ పెద్దదీ, తాబేలు కూడా. మూడు పొరల డిస్కో వల పనిచేసేదీ ఇలాగే. రొయ్యలకు దాన్ని మించింది లేదంటారు, నిజమే. కానీ దాని కన్ను కొలత చెప్పి ఏ చేప పడుతుందో ఊహించడం ఎవరి తరమూ కాదు.

ఇక దారం. పాతకాలంలో నూలు, జనప వలలను చెట్టు బెరడు కషాయంలో ఉడికించి వాడేవారు. తడిస్తే బరువు, ఆరబెట్టకపోతే చివుకు. నైలాన్ వచ్చాక ఆ బాధ తప్పింది. దాని తర్వాత ఒకే పోగుతో, గాజులా మెరిసే నరం వల వచ్చింది. నీళ్ళలో చేపకు కనబడదు. అందుకే దారం ఎంత సన్నమైతే వేట అంత బాగా సాగుతుంది. తేలిక, చవక, ఇద్దరు మనుషులతో లాగేయొచ్చు. వంశధార వరద నీళ్ళు కలిసి సముద్రం మురికిగా ఉన్నప్పుడు ఈ తేడా పెద్దగా తెలియదు. నీరు తేరినప్పుడు మాత్రం సన్న దారానిదే రాజ్యం.

తేలికదే మంచిదా అన్న ఈ తగువు సముద్రమే చూడని వేటగాళ్ళ మధ్య కూడా ఉంది. అమెరికాలో రాకీ కొండల వాళ్ళు ఎల్క్ వేటకు ఏ తూటా వాడాలని తెగ వాదించుకుంటారు. ఎల్క్ మన కణుజుకు దూరపు దాయాది, మగది మూడు వందల కిలోల దాకా తూగుతుంది. చిన్న తూటా వేసే తుపాకి భుజాన్ని తన్నదు, గురి చెదరదు. గురి కుదిరిన చిన్న దెబ్బ, గురి తప్పిన పెద్ద దెబ్బ కన్నా నయం. కానీ పలచటి తూటా భుజం ఎముకకు తగిలి చితికిపోతే ఊపిరితిత్తుల దాకా పోదు. జంతువు గాయంతో కొండెక్కి ఎక్కడో చస్తుంది, మాంసం ఎవరికీ దక్కదు. అందుకే కొలరాడో రాష్ట్రం ఒక అడుగు గీత గీసింది. ఎల్క్‌కు వాడే తూటా వ్యాసం కనీసం 0.24 అంగుళం, బరువు 85 గ్రెయిన్లు అంటే మన లెక్కలో అయిదున్నర గ్రాములు, వంద గజాల దూరంలో వెయ్యి ఫుట్-పౌండ్ల దెబ్బ ఉండాలి. ఆ గీతకు దగ్గరలో వేటాడేవాళ్ళలో తెలిసినవాళ్ళు చితికిపోని గట్టి తూటా ఎంచుకుంటారు, దగ్గరికి వెళ్తారు, జంతువు పక్కకు తిరిగి నిలబడే దాకా ఆగుతారు, కుదరకపోతే కాల్చకుండా వచ్చేస్తారు. తేలిక సాధనం పట్టినవాడికి నిగ్రహం ఎక్కువ కావాలి. వాళ్ళ వాదంలో నాకు నచ్చిన ముక్క ఇదే.

సన్న దారానికీ ఈ ముక్కే వర్తిస్తుంది, ఇంకా గట్టిగా. వంజరానికి, ఇక్కడి మాటలో కోనాంకి, పళ్ళు కత్తుల్లా ఉంటాయి. సన్న దారాన్ని కొరికేసి మొప్పల్లో నైలాన్ ముక్కతో పోతుంది. రాయికో మునిగిన ఓడకో తగిలిన నరం వల తెగి అడుగున ఉండిపోతుంది. నూలు వల అయితే కొన్నాళ్ళకు కుళ్ళిపోయేది. ఇది కుళ్ళదు. ఎత్తేవాడు లేకపోయినా చేపను పడుతూనే ఉంటుంది. పడిన చేప కుళ్ళి పీతలను పిలుస్తుంది, ఆ పీతలూ చిక్కుకుంటాయి. నన్నడిగితే ఒక మెట్టు మందం దారమే మేలు. చేపలు కొన్ని తగ్గినా తెచ్చుకున్న వల తిరిగి ఇంటికొస్తుంది. కిస్తీలు కట్టుకునే మనిషికి ఈ సలహా ఇవ్వడం తేలికే, పాటించడం కష్టమని తెలుసు.

గాలం సంగతి వేరు. ఒక గాలానికి ఒక చేప, చేతిలో తాడు. విశాఖకు దక్షిణంగా పూడిమడక మత్స్యకారులు చేతితాడుతో పెద్ద పెద్ద ట్యూనాలను పట్టడంలో పేరుపడ్డారు. పలచటి తాడుతో పెద్ద చేపను ఆడించి అలసిపోయేలా చేయడం చూడటానికి గొప్ప విద్యే. కానీ ట్యూనా వేడి రక్తం చేప లాంటిది. గంటల తరబడి పెనుగులాడితే ఒంట్లో వేడి ఇంకా పెరిగి కండ రంగు పోతుంది, మెత్తబడుతుంది, ఎగుమతికి పనికిరాదు. కాబట్టి ఇక్కడ తేలికకు ఒక హద్దుంది. చేపను తొందరగా పైకి తేగల తాడు, తెచ్చిన వెంటనే తల మీద ఒక్క దెబ్బ, ఆపైన ఐసు. దయా, ధరా ఒకే వైపు నిలబడే అరుదైన సందర్భమిది. కొన లోపలికి తిరిగిన గుండ్రటి గాలం చేప గొంతులోకి పోకుండా మూతి మూల దగ్గర పట్టుకుంటుంది. చిన్నదైతే తీసి వదిలేసినా బతుకుతుంది.

తాబేలు విషయానికి వస్తే కన్ను లెక్కలన్నీ ఓడిపోతాయి. చలికాలం చివర ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. ఉత్తరాన గంజాం జిల్లా రుషికుల్య దగ్గర వేలకు వేలుగా ఒకేసారి ఒడ్డెక్కుతాయి, శ్రీకాకుళం ఇసుక మీద విడివిడిగా. తాబేలు పైకి వచ్చి ఊపిరి పీల్చుకోవాలి. వలలో చిక్కి కిందనే ఉండిపోతే మునిగి చస్తుంది. అందుకే వల ఎంత మంచిదైనా, రాత్రి వేసి పొద్దున ఎత్తుదామంటే కుదరదు. ఆ నెలల్లో పొట్టి వల వేసి దగ్గరే కాపుండి, త్వరత్వరగా ఎత్తి చూసుకోవాలి. రొయ్యల ట్రాలర్లకయితే వల గొంతులో ఇనుప కమ్మీల చట్రం పెట్టాలి. రొయ్య కమ్మీల మధ్య దూరిపోతుంది, తాబేలు దానికి తగిలి పై తలుపులోంచి బయటికి జారుతుంది. చట్రం లేని దేశాల రొయ్యలు కొనబోమని అమెరికా 1989లో చట్టం చేస్తే, మలేసియా, థాయిలాండ్, పాకిస్తాన్‌లతో కలిసి మన దేశం ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసింది, 1998లో తీర్పూ వచ్చింది. అయినా మన సముద్రపు రొయ్యలకు కొన్నేళ్ళుగా ఆ సంత మూసే ఉంది. చట్రంలోంచి నాలుగు రొయ్యలు పోతాయని దాన్ని విప్పేసిన వాళ్ళు పోగొట్టుకున్నది నాలుగు రొయ్యలతో ఆగలేదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అప్పుడు ఒడ్డున వలలు బాగుచేసుకుంటారు. నిషేధం చేపకు తీరిక ఇస్తుంది, మంచిదే. కానీ జూన్ 15న చిన్న కన్నుతో దిగితే ఆ రెండు నెలల పెంపకాన్ని రెండు వారాల్లో ఊడ్చేయొచ్చు. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలకు వదలాలని 1994 నాటి రాష్ట్ర సముద్ర వేట చట్టం కింద నియమం ఉన్నా, మరబోట్లు లోపలికి వస్తున్నాయన్న గొడవ ఆగలేదు. రింగు వలల మీద గొడవ 2022 జనవరిలో విశాఖలో పడవలు తగలబడే దాకా పోయింది. ఈ జిల్లా కుర్రాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ దాకా బోట్ల మీద పనికి పోయేది, అక్కడ దారితప్పి పాకిస్తాన్ జైల్లో పడి 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలై వచ్చింది, ఇక్కడ వేట గిట్టకే.

పడవ ఒడ్డుకు తగలగానే "ఏటి పడ్డాది?" అని అడుగుతారు. ఎంత పొడవున్నది పడిందని అడిగేవాళ్ళు తక్కువ. గంప లెక్కన పాట పాడితే పిల్ల చేపకూ ధర ఉంటుంది. ఎండబెట్టి పొడి చేస్తే అది కోళ్ళ మేతకో రొయ్యల మేతకో పోతుంది. కొనేవాడున్నంత కాలం కన్ను పెంచమని జాలరికి ఒక్కడికే చెప్పడం న్యాయం కాదు. కేరళ 2015లో 14 రకాల చేపలకు కనీస పొడవులు నిర్ణయించింది. కవళ్ళ జాతి నూనె చేప 10 సెంటీమీటర్లు, కానాగంత 14. పైన లెక్క చూసిన వాళ్ళకు 14 కూడా తక్కువే అనిపిస్తుంది, అయినా అది పొడవును లెక్కలోకి తెచ్చింది. మన వేలం పాటల దగ్గర అలాంటి కొలబద్ద ఒకటి పెట్టి, పొట్టి చేపల గంపకు పాట లేదంటే, వచ్చే ఏడు దుకాణంలో ఏ కన్ను వల అడగాలో ఎవరూ చెప్పక్కర్లేదు.